శుక్రవారపు మాత్రలు

సహోదరీ సహోదరులారా, పదకొండేళ్ల క్రితం ఒక శుక్రవారం సాయంత్రం ఉపవాస కూడికలో మోకరించిన నేను మళ్లీ లేవలేకపోయాను. నాకు గుండె మార్పిడి జరిగి అప్పటికి పద్నాలుగు నెలలు. నాలో కొట్టుకునేది పేరు తెలియని ఒక బిడ్డ గుండె. ఆ బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడుస్తూనే ఇచ్చిన గుండె!

అప్పుడు మేము లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. రోజూ వర్క్‌షాప్‌కు వెళ్లేముందు మావారు నా మణికట్టు పట్టుకుని, తన గడియారం చూస్తూ నిమిషం నిండా నాడి లెక్కపెట్టేవారు, నేను నోట్‌బుక్‌లో రాసేదాన్ని. తొంభై నాలుగు, తొంభై ఆరు, తొంభై అయిదు. పొయ్యి మీద టీ పొంగిపోతున్నా చేయి వదిలేవారు కాదు. ఎంత తీయని ఉదయాలవి!

అయితే ఆ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో నేనొక తప్పు చేశాను. శుక్రవారం ఉపవాసం గనుక, శరీరం కొత్త గుండెను తోసేయకుండా కాపాడే ఉదయపు మాత్రలను సాయంత్రం వేసుకుంటూ, నోట్‌బుక్‌లో మాత్రం ఉదయం గడిలోనే టిక్కు పెట్టాను. ఒక్క అంకె తప్పితే పిల్లలచేత పేజీ మొత్తం తిరిగి రాయించిన లెక్కల టీచరును నేను! నాలుగో వారానికి నాడి లయ తప్పింది. "గిట్ల ఆగి ఆగి కొట్టుకుంటదేందీ? డాక్టర్‌కు చెప్దాం" అని మావారంటే, ఉపవాసాలు అయ్యాక చూద్దామన్నాను. అయిదో శుక్రవారమే పడిపోయాను.

ఆస్పత్రిలో నాడి నూట నలభై ఎనిమిది. మాత్రలు వేళకు వేసుకున్నారా అని డాక్టరుగారు అడిగితే, నోట్‌బుక్ చూపడానికి చేయి రాలేదు, నిజం చెప్పేశాను. "దేవుడు గోలీలు బంద్ పెట్టమన్నడా టీచరమ్మా? ఆయనకు సుత టైంటేబుల్ నువ్వే రాసిస్తున్నవా?" అని మావారు కసిరి, వెంటనే ఏడ్చేశారు.

శరీరం గుండెను తోసేస్తోందని పరీక్షలో తేలింది. "ప్రభువా, నీ కోసమే అనుకుని నువ్విచ్చినదాన్నే పాడుచేశాను. నాకోసం కాకపోయినా ఆ తల్లి కోసం దీన్ని ఆగనివ్వకు" అని ప్రార్థించాను. మూడు రోజులు నరంలోకి మందు ఎక్కించారు. నాలుగో ఉదయం మావారు నాడి లెక్కపెట్టి, నమ్మలేక మళ్లీ లెక్కపెట్టి, "తొంభై ఆరు" అన్నారు. దేవునికే మహిమ!

మావారు ప్రభువు దగ్గరికి వెళ్లి మూడేళ్లయింది. ఇప్పుడు కాప్రాలోని ఇంట్లో, ఆయన గడియారం పెట్టుకుని నేనే లెక్కపెట్టుకుంటున్నాను. ఆ అయిదు టిక్కులూ కొట్టేసి, పక్కన 'సాయంత్రం' అని దిద్దిన పేజీ బైబిల్లో ఉంది.

ప్రియులారా, ప్రభువును నమ్మండి, ఆయన ముందు లెక్క దాచకండి, ఉపవాసమున్నా మాత్రలు వేళకు వేసుకోండి. ఈ ఉదయం నా నాడి తొంభై అయిదు. ఆ తల్లి ఎక్కడున్నా ఈ మాట ఆమెకు చేర్చమని ప్రభువును అడిగి వచ్చాను.