హెవీ లైసెన్సు వైకుంఠం

వైకుంఠానికి ఉన్న పిచ్చి ఒక్కటే, పరీక్ష తప్పడం. అదీ అన్ని పరీక్షలూ కాదు, లారీ నడిపే హెవీ లైసెన్సు పరీక్ష. ముప్పై నాలుగేళ్లు తెలుగు మీడియం బళ్లో పాఠాలు చెప్పినవాణ్ని, తప్పినవాళ్లను బోలెడుమందిని చూశాను. కొందరు ఏడ్చారు, కొందరు ఇల్లు విడిచి పారిపోయారు, ఒకడు నా సైకిలు గాలి తీశాడు. తప్పినందుకు ఇంటింటికీ కోవా పంచినవాడు మాత్రం వైకుంఠం ఒక్కడే.

డెబ్బై నాలుగులో మాట. దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో వాళ్ల కొట్టం, దాని పక్కన నా కిరాయి ఇల్లు. వాళ్లకు ఏడు బర్రెలు, తాతలనాటి పాల వ్యాపారం. ఎనిమిదోది లారీ. మిలిటరీవాళ్ల వేలంలో కొన్నాడు. ఎందుకయ్యా అంటే, "షోక్ సార్. కొందరు పావురాలు పెంచుతరు, నేను లారీని పెంచుతున్న" అన్నాడు. అది ఒక్కరోజు ఇటుక మోయలేదు, ఇసుక మోయలేదు. పొద్దున లేస్తే దానికి స్నానం, పసుపు, మామిడాకు. మిగిలిన నీళ్లు బర్రెలకు.

"పాలిచ్చేటియి పెండల నిలవడ్డయి, డీజిల్ తాగేదానికి తానం వోస్తుండు. జూస్తున్నరా సార్?" అనేది భార్య ఆండాలు.

"అది తన్నదు, పొడ్వది. నీ బర్రెలకు గా తమీజ్ ఉన్నదా?" అనేవాడు వైకుంఠం.

ప్రతి నెలా మొదటి సోమవారం లారీకి ఎల్ బోర్డు కట్టి, లైసెన్సున్న మొగులయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, మూసీ దాటి పరీక్ష మైదానానికి వెళ్లేవాడు. మధ్యాహ్నానికి తప్పి, నవ్వుకుంటూ వచ్చేవాడు. ఒకసారి ఇన్‌స్పెక్టర్ కనిపించగానే స్టీరింగ్ వదిలేసి రెండు చేతులతో నమస్కారం పెట్టాడట. ఇంకోసారి రోడ్డు పక్కన పెట్టే బొమ్మల పలకలు చూపించి అర్థం అడిగారట.

"గిదేంది?"

"బడి ఎగ్గొట్టి ఉరుకుతున్న పోరడు సార్."

"కాదయ్యా, ముందర బడి ఉన్నదని."

"బడి ముందర ఉంటే వీడు గిటు దిక్కెందుకు ఉరుకుతడు సార్?"

మిగతా ఏడుసార్లూ రివర్సులో డ్రమ్మును గుద్దాడు. అదే చోట, అదే డ్రమ్ము. దానికి పడిన సొట్టను మైదానంలో అందరూ వైకుంఠం సొట్ట అనేవాళ్లు.

నాకు అర్థం కానిది ఇక్కడే. మా గల్లీలో బర్రె వెనక్కి తిరగాలన్నా ఆలోచించుకునేది. అలాంటి గల్లీలో ఈయన లారీని రివర్సులో తెచ్చేవాడు. అటు జానెడు, ఇటు జానెడు. గోడకు కొట్టిన పిడక ఒక్కటి రాలేది కాదు.

"ఇక్కడ వచ్చింది అక్కడెందుకు రాదయ్యా?" అని అడిగాను.

"గక్కడ పిడకలుండయి సార్. అందాజ దొరుకతలేదు."

తొమ్మిదోసారి కోవా పంచిన రాత్రే ఆండాలు తీర్పు చెప్పేసింది. "గీసారి పాసైతే లారీ ఉంటది. ఫెయిలైతే పాత ఇనుము లెక్క తూకానికి అమ్ముత. బర్రె ఈనితే దూడను కట్టేసే జాగ లేదు. సార్ ఎంబడి వస్తడు. సార్ ముందర నీ వేషాలు నడువయి."

వైకుంఠం ముఖం పాలిపోయింది. "సారుకు మోకాళ్ల నొప్పులే" అన్నాడు.

"లారీలో కూర్చోవడానికి మోకాళ్లతో పనేముంది" అన్నాను. ఎన్నడూ లారీ ఎక్కనివాణ్ని, అంత మంచి అవకాశం వదులుతానా.

సోమవారం వెళ్లాం. గేటు దగ్గర వైకుంఠం ఫారం చూసి, లారీ నంబరు రాసుకుని లోపలికి విడిచారు. లారీ ఆగిందో లేదో, ఐదుగురు మనుషులు దాని చుట్టూ చేరారు. చేతుల నిండా గ్రీసు మరకలు. "సలాం అన్నా" అన్నారు. వాళ్లలో నలభై ఏళ్ల ఇశ్రాయేలు మా లారీ ఎక్కి స్టీరింగ్ పట్టుకున్నాడు. పక్కన ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. ముందుకు వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, డ్రమ్ము కదల్లేదు. పాస్. తరువాత ఇంకొకడు ఎక్కాడు.

ఇశ్రాయేలును పక్కకు పిలిచి, "మా లారీలో నీ పరీక్షేమిటి నాయనా?" అన్నాను.

"పదిహేనేండ్ల సంది క్లీనర్ పని సార్. పరీక్షకు లారీ అడిగితే మా సేఠ్ ఇయ్యడు. నేను డ్రైవరునైతే ఆయన లారీ ఎవలు తుడుస్తరు? లారీ తేనోనికి గీడ పరీక్ష లేదు. వైకుంఠమన్న లారీల జేస్తున్నం."

"బాగుంది. మరి ఆయన తప్పడమెందుకు?"

"ఓనరు పరీక్షకు కూసుంటేనే ఆయన లారీని గేట్ల ఇడుస్తరు సార్. అన్న పాసైతే మల్ల లారీకి గీడేం పని? గట్ల ముప్పై ఒక్కమందిమి పాసైనం."

వైకుంఠం వంతు వచ్చింది. నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు. "పాసైతే వీళ్లకు గేటు బంద్. ఫెయిలైతే లారీయే ఉండది. ఏం జెయ్యాలె సార్?"

నేను చెప్పిన పాఠాల్లో ఇది లేదు. "ముందు ఎక్కు" అన్నాను.

ఎక్కాడు. రివర్సుకు వచ్చాడు. చెయ్యి అలవాటు పడిపోయిందేమో, డ్రమ్మును గుద్దాడు. దిగబోతుంటే ఇన్‌స్పెక్టర్ ఆపాడు.

"కూసో. మొన్న పత్తర్‌గట్టిల నీ లారీకి ఎదురుంగ పెండ్లి బరాత్ వచ్చింది, యాదికున్నదా? తోవ ఇచ్చెతందుకు నువ్వు గాజుల బండ్ల నడుమకెల్లి రివర్సుల పోతుంటే నేను దుకాణంల నిలవడి జూసిన. ఒక్క గాజు పలగలే. నా ముందర డ్రామానా? మల్ల చెయ్. పాసయ్యేదాక నేను గీడనే ఉంట."

వైకుంఠం మళ్లీ గుద్దాడు. "మల్ల చెయ్" అన్నాడు ఆయన. ఇంకా రెండుసార్లు గుద్దాడు. ఒంటిగంట దాటింది. ఇన్‌స్పెక్టర్ టిఫిన్ డబ్బా విప్పకుండా ఎండలో చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. ఆకలితో ఉన్న మనిషిని చూసి వైకుంఠం తట్టుకోలేకపోయాడు. అయిదోసారి డ్రమ్ముకు జానెడు దూరంలో లారీ ఆగింది. పాస్.

ఇంటికి రాగానే ఆండాలు ఎదురొచ్చింది.

"ఏమైంది?"

"పాసైన" అని బర్రెల మధ్య కూలబడ్డాడు వైకుంఠం.

"ఫెయిలైతే కోవా, పాసైతే ఏడుపు. ఏంది సార్ గీ మనిషి?"

నేను జరిగిందంతా చెప్పేశాను. పిల్లల మీద చాడీలు చెప్పిన నోరు కదా, మొదటిసారి ఒకరి మంచితనం మీద చాడీ చెప్పడం బలే హాయిగా ఉండింది. ఆండాలు పాలు పితకడం ఆపలేదు. బకెట్టు నిండాక లేచింది.

"ఊరోళ్లు ముప్పై ఒక్కమంది పాసైరి, నీకేమో తొమ్మిదిమార్ల ఫెయిలు. నాకొక్కమాట చెప్పొద్దా?"

"చెప్తే లారీ అమ్ముతవనుకున్న."

"చెప్పకున్నా అమ్ముతనంటి గదా, తెలివిగల్ల మనిషి. గా గేటుకు కావాల్సింది పరీక్షకు కూసునే ఓనరు, గంతే గదా? లారీ నా పేరు మీద రాయి."

వైకుంఠం తలెత్తాడు. "నీకు నడుపుడు రాదు గదనే?"

"ఫెయిలయ్యెతందుకు నడుపుడెందుకు?"

మరుసటి నెల మొదటి సోమవారం నేనూ వెళ్లాను, ఎవరూ పిలవకపోయినా. వైకుంఠం దర్జాగా లారీ నడుపుకుంటూ వచ్చాడు. పక్కన కొత్త చీర కట్టుకుని, లర్నర్ కాగితం పట్టుకుని ఆండాలు. కాగితం చూసి గేటు తీశారు. ఇన్‌స్పెక్టర్ ఆమెను, లారీని, వెనక నిలబడ్డ ఆరుగురు క్లీనర్లను చూశాడు.

"అమ్మా, ఎన్నడన్న లారీ నడిపినవా?"

"లేదు సార్. నాకేం తొందర లేదు, ముందుగాల వీళ్లను జూడుండ్రి" అని ఆండాలు చెట్టు నీడకు పోయి కూర్చుంది.