కరెంటు పోయేలోపు అక్క ఆడిన ఆట

మా చిన్నప్పుడు హన్మకొండలో కంప్యూటర్ నేర్చుకోవాలంటే చెప్పులు గుమ్మం బయటే విడవాలి... దుమ్ము పడితే మిషన్ పాడవుతుందని సార్ భయం. ఆయన అన్నానికి వెళ్లగానే మా సరితక్క బ్యాచ్ ఆడపిల్లలంతా ఒకే తెర ముందు మూగేవాళ్లు. వేసవి సెలవులు కాబట్టి వెనకే తోకలా నేను.

మేం దాన్ని బాయి ఆట అనేవాళ్లం. అందరూ ఎరిగిన ఇటుకల ఆటలో ముక్కలు గోడ మీద జారినట్టు కిందికి దిగేవి. ఇందులో అలా కాదు... బావి గట్టున నిలబడి లోపలికి తొంగిచూస్తున్నట్టే! ముక్క మన దగ్గర్నుంచి లోతుకు పడిపోతుంది. పడేలోపు దాన్ని అన్ని వైపులా తిప్పి సర్దాలి. పొర నిండితే మాయం. ముక్కలు గట్టు దాకా పేరుకుంటే ఆట ఖతం. నాకైతే కళ్లు తిరిగేవి.

ఎక్కువ మార్కుల జాబితాలో పైన ఎప్పుడూ సాయంత్రం బ్యాచ్ అబ్బాయిల పేర్లే. మా అన్నదీ ఆ బ్యాచే. "ఆడోళ్లకు లోతు సమజ్ గాదు" అని రోజూ ఉడికించేవాడు. అక్కకు ఒళ్లు మండేది. తన పేరు ఆ పైన చూసుకోవాలి, అంతే.

ఒకరోజు అక్క మార్కుల్లో వాళ్లందర్నీ దాటేసింది! మేం కేకలు వేస్తుంటే అక్క దోస్తు రజిత గోడ గడియారం చూసింది. "సరితా, రెండు కావస్తాంది... కరెంటు పోతదే!"

రెండింటి కోత ఏనాడూ తప్పదు. ఆట ముగిసి, పేరు కొట్టి, ఎంటర్ నొక్కితేనే మార్కులు నిలుస్తాయి. అక్క బావి చూస్తే ఖాళీగా ఉంది... ఇప్పుడు ఓడిపోవాలి, అదీ తొందరగా!

"అడ్డదిడ్డంగ ఎయ్యి, నింపు!" అంది రజిత.

"జర సప్పుడు చెయ్యకున్రి!" అక్క కసిరింది. తిప్పకుండానే ముక్కలు పడేస్తోంది. అంతలో ఖర్మకొద్దీ ఒక పొర నిండి మాయమైంది... అందరం తల పట్టుకున్నాం.

చివరికి గట్టు దాకా నిండింది. పేరు అడిగింది. హాల్‌టికెట్ మీద రాసే అలవాటు కదా... అక్క ఇంటిపేరుతో మొదలుపెట్టింది. 'గంగిశెట్టి' దగ్గరే గడి నిండిపోయింది. చెరిపే టైం లేదు. ఎంటర్ నొక్కింది. వెంటనే ఫ్యాన్ ఆగింది, తెర నల్లబడింది.

రాత్రి అన్న నవ్వుకుంటూ వచ్చాడు. గంగిశెట్టి అని చూసి, ఆ మార్కులు కొట్టింది వాడేననుకుని బ్యాచంతా వీపు చరిచారట.

"నేను గాదు, మా చెల్లె అని చెప్పలేదా?" అక్క అడిగింది.

"చెప్తే ఎవడు నమ్ముతడే?"

అక్క అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. నాకైతే ఆ కోపం ఇంకా చల్లారలేదు.

ఇప్పుడు అలాంటి ఆటలు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి... కరెంటు భయం లేదు, మార్కులు వాటంతటవే నిలుస్తాయి. మొన్న ఒకటి దింపి అక్క చేతిలో పెట్టాను. "కండ్లు గుంజుతున్నయే" అని తిరిగిచ్చేసింది.

మీ ఇంట్లోనూ ఇలా గెలుపు ఒకరిదై, మెప్పు ఇంకొకరికి పోయిందా? గెలిచినవాళ్ల పేరు కింద రాయండి... ఇంటిపేరు అక్కర్లేదు. మొదటిది నేనే రాస్తున్నా...

సరిత.