తిరుమలేశ్ నల్ల డబ్బా

ఫిలింనగర్‌లో కథ రాసేవాళ్ళు తక్కువ, చెప్పేవాళ్ళు ఎక్కువ. చెప్పినదాన్ని కాగితం మీద పెట్టడానికి ఎవరో ఒకరు కావాలి. పందొమ్మిదేళ్ళుగా ఆ పని చేస్తున్న కొద్దిమందిలో తిరుమలేశ్ ఒకడు. రహమత్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటాడు. పొద్దున్నే లాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకుని జూబ్లీహిల్స్‌లో ఏ డైరెక్టరు రమ్మంటే ఆ ఆఫీసుకు పోతాడు. కథాచర్చ జరిగే గదిని అక్కడ సిట్టింగ్ రూమ్ అంటారు. లోపల పది మంది కూర్చుని సాయంత్రం దాకా బిర్యానీ గురించి, పక్క సినిమా వసూళ్ళ గురించి మాట్లాడుకుంటారు. మధ్యలో ఎప్పుడైనా ఒక సీను తేలితే బయట వరండాలో ఉన్న తిరుమలేశ్‌ను పిలిచి చెబుతారు. అతను దాన్ని మనుషులు మాట్లాడే తెలుగులోకి మార్చి టైపు చేస్తాడు.

ఇట్లా డెబ్భై మూడు సినిమాలు. ఒక్కదాంట్లోనూ తెర మీద అతని పేరు లేదు. జనరేటర్ పంపినవాళ్ళ పేరు ఉంటుంది. హీరోగారికి కండలు పెంచినాయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

కిందటేడు మల్లికార్జున్ అనే డైరెక్టరుకు చాలాకాలం తర్వాత ఒక సినిమా ఆడింది. పుట్టినరోజు నాడు విలేకరులను పిలిచి మరీ టీమ్‌లో పన్నెండు మందికి ఐఫోన్లు పంచాడు. పదకొండు మందే తేలారు. ఫోటో వెలితిగా ఉందని వరండాలోంచి తిరుమలేశ్‌ను లాక్కొచ్చి నిలబెట్టారు. ఆ ఊపులోనే డైరెక్టరు భుజం మీద చెయ్యేసి, "ఏమయ్యా, వచ్చే సినిమాకి నువ్వు లోపలే కూర్చో. రైటింగ్ టీమ్‌లో నీ పేరు వేద్దాం" అన్నాడు.

తిరుమలేశ్‌కు ఫోను కన్నా ఆ మాట ఎక్కువ. లోపల ఒక కుర్చీ, తెర మీద ఒక పేరు. ఇంటికి పోయి భార్య పద్మప్రియకు మూడుసార్లు చెప్పాడు.

కుర్చీ కూడా వచ్చింది. అడ్డం వచ్చింది అతని లాప్‌టాప్. నల్లగా, ఇటుకంత మందంగా, తెరిస్తే కిర్రుమని, పది నిమిషాలకు ఫ్యాను గుర్రు పెడుతూ ఉంటుంది. బల్ల మీద మిగతావన్నీ వెండి రంగు మ్యాక్‌బుక్‌లు. వాటిని అక్కడ ఎక్కువగా మూసే ఉంచుతారు, పైనున్న గుర్తు కనిపించాలి కనక.

కో-డైరెక్టరు విహారి మూడో రోజే అందుకున్నాడు. ముప్పై రెండేళ్ళవాడు. తెలుగు డైలాగును ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తాడు, దానికి సిగ్గుపడడు.

"తిరుమలేశ్ అన్నా, చేతిలో ఆ ఫోను, ఒళ్ళో ఈ డబ్బా. సూట్ వేసుకుని లూనా మోపెడ్ మీద తిరిగినట్టుంది."

"పనైతుంది గద సార్."

"పని కాదన్నా, ఫ్లో. మేమంతా ఫోన్లోంచి సీను ఇలా విసిరితే లాప్‌టాప్‌లో పడుతుంది. నీకొక్కడికి మెయిల్ పెట్టాలి. ప్రొడ్యూసరు వచ్చినప్పుడు ఇది బల్ల మీదుంటే మన రేంజ్ ఏమనుకుంటాడు? ఆఫీసు మ్యాక్ ఒకటి ఖాళీగా ఉంది, వారం వాడు. నచ్చితే అదే కొనుక్కో. అప్పటిదాకా ఆ డబ్బా ఇక్కడికి తేకు."

అంటే డబ్బానో కుర్చీనో తేల్చుకోమని. తిరుమలేశ్ సాయంత్రం కృష్ణానగర్‌లో స్నేహితుడు భిక్షం దగ్గరికి పోయాడు. భిక్షంకు అక్కడ డీటీపీ సెంటరు ఉంది. పరిశ్రమలో సగం స్క్రిప్టులు అతని ప్రింటరులోంచి బయటికొచ్చినవే.

"ఫోను ఇచ్చిండ్రని కంప్యూటర్ మారుస్తవారా? రేపు వాచీ ఇస్తే చెయ్యి మారుస్తవా?" అన్నాడు భిక్షం.

"లోపల కూసోవాలంటే గా మ్యాక్ ఉండాలంటున్నరు."

"నువ్వు కొట్టేది పాత తెలుగు ఫాంటు. మన డీటీపీ వాళ్ళకు తప్ప ఇంకెవ్వనికి లేదు. గా మ్యాక్‌ల తెలుగు ఉంటది, నిజమే. గని కీలన్ని వేరు. నీ పాత ఫైళ్ళు తెరిస్తే ఒక్క అక్షరం కనవడదు. పందొమ్మిదేండ్ల చెయ్యిని మళ్ళ ఒకటో తరగతిల ఏస్తవా?"

పద్మప్రియ యూసుఫ్‌గూడలో ఒక బడిలో తెలుగు చెబుతుంది. ఆమె కంప్యూటర్ల జోలికి పోలేదు. "ఏమయ్యా, నిన్ను లోపలికి పిలిచింది నీ రాతను చూసా, నీ సంచిని చూసా?" అంది. తెల్లారి తిరుమలేశ్ ఉత్త చేతులతో ఆఫీసుకు పోయి మ్యాక్ తీసుకున్నాడు.

అది మంచి యంత్రమే. ఫోను మోగితే తెర మీద పేరు పడేది. ఫోన్లో తీసిన ఫోటో దానంతట అదే ఇందులోకి వచ్చేది. తేలిక, చప్పుడు లేదు. తెలుగు మాత్రం గంటకు ఒక పేజీ నడిచింది. తన డబ్బా మీద గంటకు తొమ్మిది పేజీలు కొట్టే వేళ్ళు 'క్ష' కోసం వెతుక్కున్నాయి. అయినా తిరుమలేశ్ ఆరు నెలల్లో నేర్చుకుంటానని తనకు తాను చెప్పుకున్నాడు. కుర్చీ మోజు అట్లాంటిది.

నాలుగో రోజు సాయంత్రం విహారి పరుగెత్తుకొచ్చాడు. మర్నాడు పొద్దున తొమ్మిది పన్నెండుకు ముహూర్తం. గుళ్ళో దేవుడి ముందు పెట్టడానికి, తర్వాత పెద్దల చేతుల మీదుగా డైరెక్టరుకు అందించడానికి బైండు చేసిన స్క్రిప్టు కావాలి. మరో నాలుగు కాపీలు హీరోకు, హీరోయిన్‌కు, ప్రొడ్యూసరుకు, కెమెరామన్‌కు. తిరుమలేశ్ అంతకుముందు తన డబ్బా మీద కొట్టిన స్క్రిప్టును మెయిల్‌లో పెట్టుకుని ఉన్నాడు. మ్యాక్‌లో తెరిచాడు. భిక్షం చెప్పినట్టే అయింది. తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలు, మధ్యలో డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఏవో దేశాల అక్షరాలు. నూట నలభై రెండు పేజీలూ అదే.

"ఇంటికి పోయి నా డబ్బా తెస్త సార్. భిక్షం దగ్గర రెండు గంటల్ల తీసిస్త."

"బైండింగ్ వాడు ఏడింటికి మూసేస్తాడన్నా. ప్రింట్ కొట్టు."

"ఇది తెలుగు కాదు గద సార్!"

"ఎవరు తెరుస్తారన్నా? పసుపు పూస్తారు, కుంకుమ పెడతారు, ఫోటో దిగుతారు. తర్వాత మార్చేద్దాం. నువ్వు రైటింగ్ టీమ్‌లో ఉండాలా వద్దా?"

ప్రింట్ నొక్కింది తిరుమలేశ్ వేలే.

పసుపు రంగు అట్టతో ఐదు పుస్తకాలు అందంగా వచ్చాయి. గుళ్ళో ఒకదాన్ని దేవుడి పాదాల దగ్గర పెట్టారు. పూజారి అక్షింతలు వేశాడు. ముగ్గురు పెద్దలు దాన్ని చేత్తో పట్టుకుని డైరెక్టరుకు అందించారు. డైరెక్టరు కళ్ళకద్దుకున్నాడు. ముప్పై కెమెరాలు ఆ దృశ్యాన్ని పట్టుకున్నాయి. ఒక్కరూ అట్ట తిప్పలేదు. తిరుమలేశ్ గుడి మెట్ల మీద చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. మధ్యాహ్నానికి మిగతా నాలుగూ ఎవరిళ్ళకు వాళ్ళకు చేరాయి. మార్చేద్దామన్న విహారి మర్చిపోయాడు.

ముహూర్తమైన పదకొండో రోజు సిట్టింగ్‌లో డైరెక్టరు దిగులుగా కూర్చుని ఉన్నాడు.

"హీరోగారు స్క్రిప్టు చదివారట. ఫస్టాఫ్ అద్భుతం, ఇంటర్వెల్‌కి ఏడుపొచ్చింది అన్నారట. సెకండాఫ్‌లో మాత్రం కొంచెం ల్యాగ్ ఉందట, సాగదీసినట్టుందట."

గదిలో అందరూ తలలాడించారు. తమకూ అదే అనిపించిందని ఇద్దరన్నారు. ఒకాయన స్క్రీన్‌ప్లేలో అరవయ్యో పేజీ ఎంత కీలకమో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకం బల్ల మీదే ఉంది, కుంకుమ బొట్టుతో.

విహారి గొంతు సవరించుకున్నాడు. "టైపింగ్‌లో ఏవో పేజీలు అటూ ఇటూ అయ్యుంటాయి సార్. తిరుమలేశ్ అన్న కొత్త సిస్టమ్‌కి ఇంకా అలవాటు పడలేదు."

తిరుమలేశ్‌కు అక్కడ తెగింది. "ఏ పేజీల ల్యాగ్ ఉన్నదో జర తెరిచి సూపెట్టుండ్రి సార్. దిద్దుత."

మల్లికార్జున్ తన సినిమా స్క్రిప్టును మొదటిసారి తెరిచాడు. ఒక పేజీ చూశాడు, మధ్యలో ఇంకొకటి చూశాడు, చివరిది చూశాడు.

"దీన్ని ఎవరెవరు చూశారు?"

"దేవుడు సూసిండు సార్. హీరోగారు సదివిండ్రు."

ఎవరూ నవ్వలేదు. విహారి ఫోన్లో ఏదో అత్యవసరంగా వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

డైరెక్టరు పుస్తకం మూసి సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ తర్వాత ఆయన అన్న మాట వింటే ఈ పరిశ్రమ ఎట్లా నడుస్తుందో అర్థమవుతుంది. "మిగతా కాపీలు ఇవాళే వెనక్కి తెప్పించి అసలువి పంపండి. హీరోగారు ల్యాగ్ అన్నారు కాబట్టి ల్యాగే. తిరుమలేశ్, నువ్వే ఏవో రెండు సీన్లు తీసెయ్."

ఏవి తీయాలో ఎవరూ చెప్పలేదు. స్క్రిప్టు మొత్తం చదివినవాడు ఆ గదిలో అతనొక్కడే. ఇంట్లో తన డబ్బా తెరిచి, విహారి రాయించిన దుబాయ్ షాపింగ్ మాల్ సీన్లు రెండూ తీసేశాడు. కథకు ఏమీ కాలేదు. కొత్త కాపీ వెళ్ళిన మర్నాడే హీరోగారి దగ్గర్నుంచి కబురొచ్చింది, ఇప్పుడు సెకండాఫ్ పరుగెడుతోందని.

సోమవారం తిరుమలేశ్ నల్ల డబ్బాతో వచ్చాడు. మ్యాక్ సంచి విహారి చేతిలో పెట్టాడు.

"ఏంటయ్యా, నచ్చలేదా?" అన్నాడు డైరెక్టరు.

"మంచిదే సార్. ఫోనుకు సరిపోతది, నాకు సరిపోదు. నేను దీంతోనే కూసుంట. వద్దంటే వరండాల కూసుంట."

మల్లికార్జున్ గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు. గురువారం షూటింగ్. ఆ రోజు నటుల చేతుల్లో పెట్టాల్సిన సీన్ పేపర్లన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి, ఆఫీసులో మరెక్కడా తెరుచుకోవు.

"కూర్చోవయ్యా. పేరు కూడా వేస్తాం."

దాన్ని గౌరవమని తిరుమలేశ్ కూడా పొరబడలేదు. కుర్చీ లాక్కుని డబ్బా తెరిచాడు. అది కిర్రుమంది. డైరెక్టరు కొత్తగా మార్చిన మొదటి సీను చెబుతుంటే టైపు చేసి, అరగంటలో ముగించాడు.

"అన్నా, అది నాకు పంపు" అన్నాడు విహారి, మామూలుగా ఉండడానికి ప్రయత్నిస్తూ.

తిరుమలేశ్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. విహారి దాన్ని అందుకుని తన మ్యాక్‌ను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. దాన్ని గుచ్చడానికి అందులో చోటు లేదు.