నలుగురమే వెళ్లిన బందరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషికి ఒక ధీమా ఉంటుంది, ఇంక మనల్ని అడిగేవాళ్లెవరు అని. ఆ రోజుల్లో నాకది కాస్త మోతాదుకు మించే ఉండేది. మాది ముమ్మిడివరం. రోజూ అమలాపురం వెళ్లి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. డచ్చివాళ్లు ఓడ దిగడం, వాళ్ల వెనకే ఇంగ్లీషువాళ్లు రావడం, బందరు రేవు నుంచి మన కలంకారీ గుడ్డలు దేశదేశాలకు తరలిపోవడం, అన్నీ కళ్లకు కట్టినట్టు చెప్పేదాన్ని (ఇది నా అభిప్రాయం. వెనక బెంచీల అభిప్రాయం నేనెప్పుడూ అడగలేదు). తీరా చూస్తే నేను బందరు మొహం ఎరగను. చూడని రేవు గురించి ఇంత గట్టిగా మాట్లాడ్డం నాకే నవ్వొచ్చి, ఒకరోజు స్టాఫ్ రూములో ప్రకటించేశాను, "వచ్చే రెండో శనివారం మనం బందరు వెళ్తున్నాం" అని.

మా స్టాఫ్ రూములో పేర్లతో పని ఉండేది కాదు, సబ్జెక్టులతోనే పిలుపులు. నాతో పాటు కొత్తగా చేరిన వాళ్లు ముగ్గురు: లెక్కలు, బాటనీ, ఇంగ్లీషు. ముగ్గురూ ఎగిరి గంతేశారు. ఇంట్లోవాళ్లు లేకుండా అమలాపురం దాటి ఎరగం మేము. ఫోన్లో 'చలో బందరు' అని ఒక గ్రూపు పెట్టాం. మొదటి రోజు కోట, డచ్చివాళ్ల సమాధులు, సాయంత్రం సముద్రం, రెండో రోజు పెడనలో కలంకారీ. ప్లానంతా నేనే వేశాను. అందులో ఒక్క లోపం కూడా లేదని ఈ రోజుకీ అంటాను. ఇళ్లల్లో అడగడం ఒక్కటే మిగిలింది.

నాన్నగారు పేపరు మడిచి కింద పెట్టారు. "ఎవరెవరమ్మా?"

"నలుగురం నాన్నగారూ."

"నలుగురాడపిల్లలూ ఒక్కళ్లే ఎలా ఎళ్తారమ్మా?"

నలుగురు ఒక్కళ్లెలా అవుతారో లెక్కలని అడగాలనుకున్నాను గానీ, అప్పటికే ఆయన మా అత్తయ్యకి ఫోన్ చేసేశారు. అత్తయ్య అంటే నాన్నగారి అక్క. ఆవిడ మాటకి మా ఇంట్లో అప్పీలు లేదు. "ఆయ్, నేనుంటానురా తోడు. నాకూ పాండురంగస్వామిని చూసినట్టుంటాది. కానైతే మీ బావగారికి అన్నం ఎవరు పెడతారు? ఆయన్నీ తీసుకొత్తాను" అంది. అలా మావయ్యగారు చేరారు. మర్నాడు కాలేజీకి వెళ్తే మిగతా ముగ్గురి మొహాలూ నా మొహంలాగే ఉన్నాయి. బాటనీకి తోడుగా వాళ్ల నాయనమ్మ, ఆవిడ మోకాళ్లకి తోడుగా చిన్నాన్న, పిన్ని. లెక్కలకి వాళ్లమ్మా నాన్నా. ఇంగ్లీషు వాళ్ల పెద్దమ్మగారికేమో, ఈ పిల్ల ఆదివారం చర్చిలో ఆరాధన ఎగ్గొడుతుందని అనుమానం. అందుకని ఆవిడా, ఆవిడతో ప్రార్థనకి వచ్చే మరో ఇద్దరూ. కారనుకున్నది వ్యానైంది. మావయ్యగారు మా ఫోన్ గ్రూపులో చేరి, పొద్దున్నే గులాబీపూలతో శుభోదయాలు పెట్టడం మొదలెట్టారు. రెండు రోజులకల్లా గ్రూపు పేరు 'బందరు తీర్థయాత్ర' అయింది. నా కోట జాబితాలో చివరికి పోయింది, డచ్చివాళ్ల సమాధులు అసలుకే లేచిపోయాయి. "శుభమా అని ఎళ్తూ సమాధులేంటమ్మా?" అన్నారు లెక్కల వాళ్ల నాన్నగారు.

శనివారం తెల్లారేసరికి అమలాపురం గడియార స్తంభం దగ్గర వ్యాను ఆగి ఉంది. మేము నలుగురం టీ తాగి వచ్చేలోపల పెద్దలందరూ ఎక్కి సర్దుకున్నారు. నాయనమ్మగారి కాళ్లు చాపుకోడానికి ఒక సీటు, పులిహోర గిన్నెలకి ఒక సీటు. లోపలికి తొంగి చూస్తే కాలు పెట్టే చోటు లేదు. డ్రైవరు మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఇంకెక్కడండీ? ఆ గిన్నెలు దింపితే ఇద్దరు పడతారేమోనండీ" అన్నాడు. గిన్నెలు దింపడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ ప్రయాణం పుట్టిందే నా నోట్లోంచి కదా!

అప్పుడు అత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టి తీర్పు చెప్పింది. "మీరు చదూకున్నోళ్లు, బస్సులో వచ్చేయండమ్మా. నలుగురున్నారు, భయమేంటి?"

మేము ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వు ఆగదు, నవ్వితే గిన్నెలు దిగిపోతాయేమోనని భయం. "మీరెలా అంటే అలాగేనండీ" అన్నాను, వీలైనంత దీనంగా. వ్యాను మలుపు తిరిగాక బాటనీ వేసిన కేకకి ఇడ్లీబండి దగ్గర వాళ్లందరూ మావైపు తిరిగారు.

భీమవరంలో బస్సు మారి బందరులో దిగాం. పెద్దలు పాండురంగస్వామి దర్శనానికి వెళ్తే, మేము నేరుగా కోటకి వెళ్లాం. కోటంటే ఏదో ఊహించుకున్నాను. అక్కడున్నవి పెచ్చులూడిన గోడలు, పిచ్చిమొక్కలు, ఒక మేక. అయినా పాఠం ఎత్తుకున్నాను. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు, మేక కూడా కదల్లేదు. సగంలో నా మాట ఆగిపోయింది. ఇంత చిన్న చోటు కోసం సముద్రాలు దాటి వచ్చారా, వచ్చి మళ్లీ ఏమీ మిగలకుండా పోయారా అనిపించింది. "ఏంటే, తర్వాతేమైంది?" అంది ఇంగ్లీషు. "ఇదే అయింది" అని గోడ మీద చెయ్యి వేశాను. సమాధులూ చూశాం. వాటి మీద చెక్కిన అక్షరాలు ఇంగ్లీషుకీ అర్థం కాలేదు.

సాయంత్రం సముద్రం దగ్గర అందరం కలిశాం. బాటనీ నాయనమ్మగారు అలల్ని కాసేపు పరిశీలించి, "ఇది మన అంతర్వేది సముద్రమేనర్రా! దీనికోసం ఇంత దూరం తీసుకొచ్చేరా?" అన్నారు. మర్నాడు వాళ్లు సగం మంది ఆరాధనకీ సగం మంది లడ్డూలకీ వెళ్తే, మేము పెడన వెళ్లొచ్చాం. ఇంటికి చేరాక అత్తయ్య నాన్నగారితో అన్న మాట నా చెవిన పడింది. "పిల్లల్ని కంటికి రెప్పలా చూసుకుని తీసుకొచ్చేన్రా తమ్ముడూ." ఆవిడ ముఖంలో అబద్ధం లేదు. నిజంగానే అలా అనుకుంది.

ఇన్నేళ్లకి, మొన్న మా కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయిలు ముగ్గురు నా టేబుల్ దగ్గరికి వచ్చారు. "మేడమ్ గారూ, కొచ్చి ఎళ్దామనుకుంటున్నామండీ. మీరు తోడొస్తేనే ఇంట్లో పంపుతామన్నారండీ" అన్నారు. చూద్దాంలెమ్మా అన్నాను, బెట్టుగానే. గుమ్మం దాటాక వాళ్లలో ఒకమ్మాయి అంటోంది, "మేడమ్ గారికి ముందు సీటివ్వాలే. పెద్దావిడ, మెట్లవీ ఎక్కగలరో లేదో."

నాకింకా నలభై రాలేదు. ఆ సాయంత్రం కాలేజీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి చూశాను. ఆయ్, ఎక్కాను. పైకి చేరాక కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడాల్సి వచ్చిందనుకోండి. అప్పుడక్కడ ఎవరూ లేరు, హాయిగా నవ్వుకున్నాను.