పెట్టెకు బుద్ధి ఎక్కించిన టీచరక్క

ఒళుంగుగా, సరిగ్గా కూకో కన్ను, నా బంగారు. కాళ్లు ఊపద్దు. ఫోన్లో ఆ ఆట మూసేసి, రాసుకునేది తెరువు. నేను చెప్పేది చెప్పినట్టే రాయాల, నడమ నడమ అందంగా మార్చేది ఏమీ వద్దు. ఇప్పుడు దుమ్ము తుడుద్దామని ఈ రౌటర్ పెట్టెను చేతిలోకి తీస్తిని కదా, అప్పుడే పెట్టిన కోడిగుడ్డు మాదిరి వెచ్చగా ఉండె. ఆ వెచ్చదనానికి లోపలినుంచి చందనం వాసన వచ్చె. ఏదీ, ముక్కు దగ్గర పెట్టుకొని చూడు. వస్తాండాదా? ఆమా, అవునులే, ప్లాస్టిక్ పెట్టెలో చందనం ఎట్ల దూరిందని నవ్వుతావు. నవ్వు. ఆ వాసన తగిలితే నాకు మాత్రం కమలవేణి టీచరక్క వచ్చి పక్కన కూకున్నట్టే ఉంటాది. నువ్వు ఆమెను చూడలే. చూసినోళ్లకు చెప్పే పని లేదు, చూడనోళ్లకు చెప్పాల, అందుకే నిన్ను కూకోబెట్టింది.

టీచరక్క మన పక్క తోపు ఆమె. ఉడుమలైపేటలో ఆడపిల్లల బళ్లో సైన్సు చెప్పి రిటైర్ అయిన మనిషి. పుట్టింది మదురై పక్క. ఆమె తెలుగు వేరే, మన తెలుగు వేరే. నేను ఏమన్నా అంటే "ఏమ్మే రాజీ, అది తెలుగా, తమిళానికి తెలుగు చొక్కా తొడిగితివా?" అని ఎగతాళి చేస్తాది. "మీది మాత్రం ఏమక్కా, చొక్కా కూడా లేదు" అంటాను నేను. ఇట్ల కొట్లాడుకుంటూనే ఆమె రోజూ మన వాకిలికి వచ్చి కాఫీ తాగేది. అందరు టీచర్లూ రిటైర్ అయితే పళనికి పోతారు, మొక్కులు తీరుస్తారు. ఈమె పాత కంప్యూటర్లు, పాత రౌటర్లు తెచ్చి వాటికి వేరే బుద్ధి ఎక్కిస్తా కూకునేది. బుద్ధి అన్నది ఆమె మాటే. "పెట్టె ఒకటి, దాని లోపల బుద్ధి ఒకటి రాజీ. కంపెనీవాళ్లు ఒక బుద్ధి పెట్టి అమ్ముతారు. లోకంలో ఎవరెవరో తెలివైనోళ్లు కలిసి ఇంకో బుద్ధి రాసి ఊరికే ఇస్తారు. పాతది తీసి ఇది ఎక్కిస్తే, అదే పెట్టె వేరే మనిషి అయిపోతాది" అనె. నేను నోరు తెరుచుకొని వింటిని. మనుషుల్లో ఈ పని అయితే ఎంత బాగుండు అనుకుంటిని, అది మీ తాత ముందర అనలేదులే.

మన ఇంటికి ఆ పెట్టె ఎందుకు అంత ముఖ్యమంటే, నా చెల్లెలు మణి కోసం. మదురైలో మాట్టుతావణి మార్కెట్టు కాడ ఎర్రగడ్డల, అదే ఉల్లిపాయల వ్యాపారం చేస్తాది చూడు, ఆ మణి. పుట్టుకతోనే ఆమెకు చెవులు వినపడవు, మాట రాదు. చిన్నప్పుడు మేమిద్దరం తెంకాయ తోపులో కూకొని మాకు మేమే చేతుల భాష ఒకటి చేసుకుంటిమి. ఎవరూ నేర్పింది కాదు. ఫోనులో హలో అంటే మణికి ఏమి ఉపయోగం? చేతులు కనపడాల. మన తోపులోకి సెల్లు టవర్ సరిగా ఎక్కదు, ఆ రౌటరే గతి. అది ఏమి చేసేదంటే, వీడియోలో బొమ్మ ఆగి ఆగి వచ్చేది. మాట తెగితే తర్వాత మాటతో అతికించుకోవచ్చు. చెయ్యి తెగితే ఏం చేస్తావు? "నీళ్లు" అనబోయిన చెయ్యి నడమ ఆగిపోతే అది "ఏడుపు" అయిపోతాది మా భాషలో.

ఒకరోజు టీచరక్క కాఫీకి వచ్చినప్పుడు, "అక్కా, నెట్టు పోయింది" అంటిని.

"పోయిందా? యాడికి పోయె, పళనికా?" అనె.

"ఏమోక్కా. పోయింది, అంతే."

లోటా కింద పెట్టి నన్ను పెట్టె ముందర కూకోబెట్టె. "ఎన్ని దీపాలు వెలుగుతాండాయి, ఏది ఆరింది, ఏది మిణుకుతాండాది, చూసి చెప్పు. నువ్వు అనుకునేది చెప్పద్దు రాజీ, చూసేది చెప్పు" అనె. నాకు సిగ్గయ్యె, ఈ వయసులో పలకా బలపమా అని. అయినా చెప్తిని. పై దీపం వెలుగుతాండాది, రెండోది ఆరింది, అని. "చూస్తివా? బయటినుంచి వచ్చే గొట్టంలో నీళ్లు లేవు. పెట్టె మంచిదే, దాన్ని తిట్టద్దు" అనె. గొట్టం పెట్టి చెట్టుకు సొట్టు నీళ్లు, బొట్టు బొట్టుగా పెట్టేవాళ్లం కదా మనం, నాకు టక్కుమని అర్థమయ్యె. తర్వాత లైను వచ్చినాక బొమ్మ ఎందుకు ఆగుతాండాదో కూడా అట్లనే చూపించె. మన లైను సన్న గొట్టం. బొమ్మ అంతా ఒకేసారి దూకబోయి దాంట్లో ఇరుక్కుంటాండాది. కొత్త బుద్ధి ఎక్కిస్తే అది తలుపు కాడ నిలబడి కొంచెం కొంచెంగా వదులుతాదంట. ఎక్కించె. ఆ సాయంత్రం మణి చేతులు ఏటి నీళ్ల మాదిరి పారె. మణి ఎర్రగడ్డల ధర మొదలుపెట్టి కోడలి మీద చాడీల దాకా చెప్పి చెప్పి, చేతులు నొప్పి పుట్టి ఆపె. నేను టీచరక్క పక్కకు తిరిగితే ఆమె కాఫీ లోటా కడుగుతాండె, ఏమీ చెయ్యనట్టు.

సరి, అసలు కథకు వస్తాను. ఆ ఏడు నేను మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంటిని. తొడ దాకా కట్టు, మంచం దిగకూడదు అనిరి. అప్పుడే మణికి కడుపులో గడ్డ అని తెలిసె. ఆలస్యం చెయ్యకూడదు, తియ్యాల అనె డాక్టరమ్మ. ఆస్పత్రిలో చేర్చిరి, మరునాడు పొద్దున ఆపరేషన్. మణి కూతురు సుధ మన ఇంటికి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "పెద్దమ్మా, అమ్మ ఒప్పుకోవట్లేదు. నేను ఏం చెప్పినా తల అడ్డంగా తిప్పుతాండాది. నీ పేరే చూపిస్తాండాది."

ఎందుకు ఒప్పుకుంటాది? చిన్నప్పుడు గొంతులో ఏదో గడ్డ తియ్యాలని, మిఠాయి కొనిస్తామని చూపించి తీసుకుపోయి కోయించిరి. చెవిటిదానికి ఏమి చెప్పేదిలే అని. అప్పటినుంచి నేను నిజం చెప్తేనే మణి ఒంటిమీద సూది అయినా పడనిస్తాది. సుధ పావం, భయపడి "చిన్న పనే, ఏమీ లేదు" అని చెప్పింది. మణికి అబద్ధం ముఖంలోనే తెలిసిపోతాది.

నేను పోలేను. వీడియోలో చెప్పాల. ఆ వారమే ఆ పెట్టె మొరాయించె. కొత్త అప్‌డేట్ వచ్చిందని టీచరక్క ఎక్కించినప్పటినుంచి చేతులు మళ్లీ ఆగి ఆగి వస్తాండె. ఆమె పొద్దున్నే వచ్చి దీపాలు చూసె, కంప్యూటర్లో ఏదేదో చూసె, "ఈ కొత్త బుద్ధి ఈ పెట్టెకు పట్టలే రాజీ. తప్పు నాదే, మంచిగా ఉన్నదాన్ని కదిలిస్తిని. మునుపటిదే మళ్లీ ఎక్కిస్తాను" అనె. ఎక్కించడం మొదలుపెట్టి, "దీపం మిణుకు ఆగేదాకా ఎవరూ ముట్టద్దు. నేను పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినాను" అని ఇంటికి పోయె.

ఆ రోజు ఏమి రోజు అనుకుంటివి? ఆయుధ పూజ!

మీ తాత పీచు మిల్లులో మెషిన్లు అన్నింటికీ పూజ చేసి, చందనం గిన్నె పట్టుకొని ఇంటికి వచ్చె. ఆయన పద్ధతి నీకు తెలుసు కదా, ఆ రోజు ఏ యంత్రమూ పని చెయ్యకూడదు, అన్నీ కడిగి, ఆర్చి, బొట్టు పెట్టి విశ్రాంతి ఇయ్యాల. గ్రైండర్ ఆపె, మిక్సీ ఆపె, మోటార్ ఆపె. ముందరి గదిలో గోడమీద మిణుకుతాండే రౌటర్ కనపడె. "పావం, ఇది ఒక్కటే పని చేస్తాండాది" అని దాని స్విచ్చు కూడా ఆపేసి, బాగా తడి చందనం మెత్తి, కుంకుమ పెట్టి, ఒక మల్లెపువ్వు కూడా గుచ్చె. నేను లోపల మంచం మీద ఉండాను, నాకేమి తెలుసు?

టీచరక్క వచ్చి చూసె. స్విచ్చు వేసె. ఒక్క దీపమూ వెలగలే. బుద్ధి సగం ఎక్కతాండగా కరెంటు పోతే పెట్టె పాత మనిషీ కాదు, కొత్త మనిషీ కాదంట. రాయి అయిపోతాది. మీ తాత చందనం గిన్నెతో అట్లనే నిలబడిపోయె. నేనైతే ఆయన్ని ఏం అనుందునో నాకే తెలీదు. టీచరక్క ఆ పువ్వు తీసి కండ్లకు అద్దుకొని, "తంబీ, నువ్వు రొంబ భక్తిగా చేస్తివి. పెట్టెకు నేరుగా మోక్షమే వచ్చేసె" అనె. అంతే.

పెట్టెను ఊడదీసుకొని నా మంచం కాడికే తెచ్చి పెట్టుకొనె. "ఇంక బతకదాక్కా?" అంటిని. "తెలీదు. పుట్టుకతో వచ్చిన చిన్న బుద్ధి ఒకటి అడుగున ఉంటాది. అది పోకుండా ఉంటే పిలిస్తే పలుకుతాది" అనె. వెనక సూది దూరేంత బొక్క ఉంటాది చూడు, దాంట్లో నా కొంగు పిన్ను పెట్టి అదిమి పట్టుకొని స్విచ్చు వేసె. ఒక దీపం గబగబా కొట్టుకొనె, పసిబిడ్డ గుండె మాదిరి. "ఉండాది!" అనె.

కంప్యూటర్ నుంచి పెట్టెకు వైరు పెట్టి ఫైలు పంపితే పోలే. మళ్లీ పంపె, పోలే. మీ తాత "వైరు మార్చండి, పెట్టె మార్చండి, టౌనుకు పోయి కొత్తది తేనా, కడలు, అంగళ్లన్నీ మూసుంటాయే" అని ఒకటే గలాటా. టీచరక్క "ఒక్కసారికి ఒక్కటే మారుద్దాం తంబీ. అన్నీ కలిపి మారిస్తే ఏది చెడిందో ఎప్పటికీ తెలీదు" అని వైరు ఒక్కటి మార్చె. లేదు. తర్వాత నన్ను చూసి, "రాజీ, వైరు పెట్టిన చోట దీపం చూసి చెప్పు" అనె.

వంగి చూస్తిని. "వెలగలేదక్కా. బొక్కలో తెల్లగా ఏదో ఉండాది."

చందనం! మీ తాత మెత్తిన తడి చందనం వైరు పెట్టే బొక్క లోపలికి దిగి ఆరిపోయిండె. పక్క బొక్కలో వైరు పెట్టె. పచ్చ దీపం వెలిగె. ఫైలు పోయె. మేము ముగ్గురం చూస్తాంటే ఒక్కొక్క దీపమే కండ్లు తెరిచె. రాయికి ప్రాణం వచ్చేది కథల్లో విన్నాను, మంచం మీద కూకొని చూసింది ఆ రోజే.

అయితే అది కంపెనీవాళ్ల పాత బుద్ధి, రాయి అయిన పెట్టె ముందర దాన్నే మింగుతాదంట. మణికి కాల్ చేస్తే చేతులు ముక్కలు ముక్కలుగా వచ్చె. నేను "భయపడద్దు" అంటే "భయ" కాడనే నా చెయ్యి ఆగినట్టుండాది, మణి ముఖం తెల్లబోయె. గబుక్కున ఆపేస్తిని. టీచరక్క అనె, "మంచి బుద్ధి మళ్లీ ఎక్కించచ్చు. ఈసారి పోతే తిరిగి వస్తాదని నేను చెప్పలేను. ఇట్లనే అరకొరగా మాట్లాడుకుంటావా, ఎక్కించేదా? నీ చెల్లెలు, నువ్వే చెప్పు."

బయట పొద్దు వాలుతాండె. ముక్కలు చేతులతో మణికి నిజం చెప్పలేను, సగం నిజం అబద్ధం కంటే చెడ్డది. "ఎక్కించక్కా" అంటిని. మీ తాత పోయి స్విచ్చు ముందర చేతులు కట్టుకొని నిలబడె, గుడి కాడ ద్వారపాలకుడి మాదిరి. ఈగను కూడా వాలనియ్యలే.

దీపం మిణుకు ఆగె. మణి వచ్చె. చేతులు పారె!

అంతా చెప్తిని. ఈడ కోస్తారు. నిద్ర పుచ్చుతారు. లేస్తే నొప్పి ఉంటాది, చాలా ఉంటాది. నేను రాలేను, ఇదో కాలు. మణి అన్నీ చూసి ఒక్కటే అడిగె, "లేస్తానా?" అని. "లేస్తావు" అనబోతిని. చెయ్యి లేవలే. అనుకునేది చెప్పద్దు, చూసేది చెప్పు. "నాకు తెలీదు. డాక్టరమ్మ లేస్తావు అంటాండాది. నువ్వు భయపడతాండావు, నాకు కనపడతాండాది. నేను కూడా భయపడతాండాను" అంటిని. మణి నన్నే చూసె, చూసి, సుధ చేతిలో పెన్ను లాక్కొనె. ఆపరేషన్ కాగితం మీద సంతకానికి!

అప్పుడు టీచరక్క బొమ్మ ఎట్ల వస్తాందో చూద్దామని నా భుజం మీదినుంచి తొంగిచూసె, కండ్లద్దాలు నుదుటి మీదికి తోసుకొని. మణికి నవ్వు వచ్చె. రెండు చేతులా రెండు వేళ్లు గుండ్రంగా చుట్టి నుదుటి మీద పెట్టుకొనె. ఆమెకు ఆ నిమిషమే పేరు పెట్టేసింది, నుదుటి కండ్లామె అని. టీచరక్క అడిగి తెలుసుకొని, బళ్లో ఇన్నేండ్లు పిల్లలు పెట్టిన పేర్లన్నింటికంటే ఇదే మేలు అని కండ్లు తుడుచుకునేదాకా నవ్వె.

మణి లేచింది. లేచి ఎర్రగడ్డలు అమ్ముతానే ఉండాది. పోయింది టీచరక్క, రెండు రోజుల జ్వరమే సాకు. మణికి నేనే చెప్పాల్సివచ్చె. ఈ పెట్టె ముందరే కూకొని నుదుటి మీద రెండు గుండ్రాలు పెట్టి, తర్వాత చేతులు కిందికి దించి మూస్తిని. మణి కదల్లే. చేతులు ఒళ్లో అట్లనే ఉండె, కండ్లు రెప్ప వెయ్యలే. బొమ్మ ఆగిపోయె అనుకొని నేను వంగి దీపాలు చూస్తిని. అన్నీ వెలుగుతాండె కన్ను. లైను బాగుండె, పెట్టె బాగుండె. ఆగిపోయింది మణి.

ఎంతసేపటికో చెయ్యి లేపి అడిగె, "ఇంక పెట్టెను ఎవరు చూస్తారు?" నా ఎదమీద చెయ్యి పెట్టుకుంటిని. "నువ్వా! పాలు పొంగితే చూసుకోలేవు, నువ్వా!" అనె మణి, ఏడుస్తానే. మరునాడే కొంగు పిన్ను తీసుకొని, కంప్యూటర్ ముందరేసుకొని, మొదటిసారి నా చేతులతో నేనే బుద్ధి ఎక్కించబోతే—

"అత్తా! అన్నం వడ్డించి ఎంతసేపాయె, రసం ఆరిపోతాండాది, రాండి!"

వస్తానే, వస్తానే! మీ అమ్మకు ఒకటే తొందర. రాసుకో కన్ను, దీపం మిణుకుతా మిణుకుతా ఒక్కసారి మిణుకు ఆగి—