పేరు తెలియని దయ్యాల పుస్తకం

ఈస్టరు వెళ్లిన మూడో శనివారం, పగలు పదకొండు గంటలకు మా చెల్లెల్ని పూడ్చాం. గంట ఎంతయిందో పాస్టరు అయ్యగారు చేతి గడియారం చూసి చెప్పారు. మా వాడలో ఇంకెవరికీ గడియారం లేదు. సాగర్ డ్యాం కడుతున్న రోజులవి. మాది మాచర్ల దగ్గర పల్లె.

నా దగ్గర దయ్యాల పుస్తకాలు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. కొనుక్కుపోదామని వచ్చేవాళ్లు అప్పుడప్పుడూ వస్తారు. అట్ట చెడనివి, మొదటిసారి అచ్చయినవి కావాలంటారు. ఈ పిచ్చి ఎట్లా పట్టిందని అడుగుతారు. పిచ్చి కాదు. ఒకే ఒక్క పుస్తకం కోసం వెతుకుతున్నాను. దాని పేరు నాకు తెలియదు.

నన్ను కూలికి పంపి చెల్లెల్ని బోర్డింగు బడిలో వేశారు. ఎనిమిది దాకా చదివి, తిరిగొచ్చి అదీ నాతోపాటే మిరప కల్లానికి వచ్చింది. ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పోయడం మా పని. అన్నాలు తిన్నాక అది కొంగుచాటు నుంచి దయ్యాల పుస్తకం తీసేది. మాచర్ల సంతలో పాత పుస్తకాల కుప్పలో కొన్నది. మా నాన్న డ్యాం పనిలో ఉండేవాడు. చెల్లెలి బైబిలుకు, కొత్త నిబంధనకు, అట్ట వేసుకోమని సిమెంటు బస్తా కాగితం తెచ్చిచ్చాడు. మిగిలిన కాగితం అది దయ్యాల పుస్తకానికి వేసింది. ఇంట్లో దయ్యమన్న మాట వినబడితే నాన్న కొట్టేవాడు మరి.

పుస్తకం పేరేందే అని అడిగితే, పేరుతో నీకేం పని, కథ వినమనేది.

కృష్ణా నదిలో పుట్టి, అదే గుండ్రటి బుట్టపడవ, నడిపేవాడి కథ అది. రోజూ మసక వేళకు ఒకామె పుట్టి ఎక్కి అవతలి ఒడ్డుకు పోతుంది. ఆమె కూర్చున్న వైపు పుట్టి బరువు దిగదు. చచ్చిపోయిన మనిషని వాడికి తెలుసు. తెలిసీ దాటిస్తాడు.

“ఏందక్కా, దయ్యమంటే నీకు భయం లేదా?” అంది ఒకరోజు.

“మేస్త్రి కంటే నయమేలే. ఎండలో కూచోబెట్టదు గదా,” అన్నాను.

పగలబడి నవ్వింది. ఆ రోజు పుట్టివాడు నోరు విప్పి, ఎవరికోసం పోతున్నావమ్మా అని ఆమెను అడిగేదాకా చదివింది. ఇంతలో మేస్త్రి లేవమన్నాడు. మర్నాటికి దానికి జ్వరం, ఆ పైన పచ్చకామెర్లు. పసరు పోయించాం, చేతికి వాత పెట్టించాం. మంచం పక్కన కూర్చుని మిగతాది చదవమంటే, “కళ్లు మంటలక్కా, లేచాక చదువుతా,” అంది.

లేవలేదు.

చనిపోయినవాళ్ల సొంత బైబిల్లోంచే వాక్యం చదివి, దాన్ని వాళ్ల చేతుల్లో పెట్టి పూడ్చడం మా సంఘంలో ఆచారం. మా అమ్మకు అక్షరం రాదు. తలగడ కింద దొరికిన పుస్తకాన్ని కళ్లకద్దుకుని చెల్లెలి చేతుల్లో పెట్టింది. సమాధుల దొడ్డిలో అయ్యగారు దాన్ని తీసుకుని తెరిచారు. ఒక కాగితం తిప్పారు. అట్లాగే చూస్తూ నిలబడ్డారు. తర్వాత మూసి, చూడకుండానే కీర్తన చెప్పి, పుస్తకాన్ని మళ్లీ దాని చేతుల్లో పెట్టారు. దుఃఖంతో చదవలేకపోయారనుకున్నారు అందరూ.

నేను అట్ట చూశాను. అంచుల మీద ఎర్రగా వేలిముద్రలు, మిరపకాయలు ఏరిన చేతులవి. కొత్త నిబంధనను అది చేతులు కడుక్కోకుండా ఎన్నడూ ముట్టుకోలేదు.

నాన్న నా పక్కనే ఉన్నాడు. నేను నోరు తెరిస్తే ఆ పుస్తకం నా చేతికొచ్చేదో, నాన్న పొయ్యిలో పెట్టేవాడో తెలియదు. చెల్లెలి పరువు మాత్రం ఆ గుంట దగ్గరే పోయేది. ఊరుకున్నాను. పెట్టె మూతకు మేకులు కొట్టారు.

ముప్పై దాటాక చర్చిలో సాయంత్రం బడికి పోయి అక్షరాలు దిద్దాను. మిగతా ఆడవాళ్లు వాక్యం చదవాలని వచ్చారు. నేను దయ్యాల కోసం పోయాను. అప్పటినుంచి దొరికినదల్లా కొని, కృష్ణ ఉందా, పుట్టి ఉందా అని చూస్తున్నాను. వీటిలో దయ్యాలన్నీ పగ తీర్చుకోవడానికో, పాతిపెట్టిన సొమ్ము కాయడానికో వస్తాయి. ఎవరినో చూసిపోదామని వచ్చేది ఇంకొకటి కనబడలేదు.

నాలాగే పుస్తకాలు పోగుచేసే నరసరావుపేట పెద్దాయన ఒకాయన, అట్లాంటి కథ అచ్చే కాలేదన్నాడు. మీ చెల్లెలు పుస్తకం చూస్తూ సొంతంగా అల్లి చెప్పిందేమోనన్నాడు. అదే నిజమైతే ఆ పుట్టివాడికి జవాబు చెప్పేవాళ్లు ఎక్కడా లేరు.

అయ్యగారు ముసలివారయ్యాక గురజాలలో కనిపిస్తే అడిగాను. “పేరు చూశానమ్మా, గుర్తులేదు. లోపల చదవలేదు. మీ అమ్మ పెట్టింది గదా, తీసెయ్యడానికి చేతులు రాలేదు,” అన్నారు.

ఇంకెవరిని అడగను? ఆ పేరు చదివినవాళ్లు ఇద్దరే. ఆ రోజు అక్కడున్నది అయ్యగారు, అమ్మ, నాన్న, గుంట తవ్విన మా చిన్నాన్న, పెట్టె చేసిన సాయిబు మామ, కల్లంలో మాతో కాయలు ఏరే పక్కింటి పిన్ని, నేను, మా చెల్లెలు.