అమ్మ అన్నీ నీకే చెప్పింది, సునందక్కా

నిన్న పొద్దున నా బ్యూటీ పార్లర్ షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. వనపర్తి నుంచి.

"సునందక్క పోయింది జ్యోతీ. నిద్రలనే పోయింది."

షట్టర్ సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చున్నాను.

ముందు ఏడుపు రాలేదు. ముందొచ్చిన ఆలోచన చెప్తే మీరంతా తిడతారు. అమ్మకు ఇప్పుడెలా చెప్పాలి? నేను పోయినా ఇంత ఏడుస్తుందా?

అవును, నాకు సునందక్క అంటే కుళ్లు. చిన్నప్పటి నుంచీ కుళ్లే. ఇవాళ మాత్రం ఎందుకు దాచాలి?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మాది ధరూర్ దగ్గర ఊరు. మా నాయన పాలమూరు లేబర్. గుంపుతో కలిసి ఎక్కడో దూరాన కాలువ పనికి పోయాడు. అక్కడి కాంట్రాక్టర్ వీళ్లను ఇళ్లకు పంపకుండా కట్టేసినట్టు పెట్టుకుంటే, "మమ్ముల ఇండ్లకు పంపుండ్రి" అని అందరి తరఫున అడిగింది మా నాయనే.

ఆ సాయంత్రం పోలీసు జీపు వచ్చి ఎక్కించుకుపోయింది.

అంతే. మళ్లీ రాలేదు. మేం తీసుకెళ్లనే లేదన్నారు పోలీసులు. అప్పటికి నేను పాలు తాగే పిల్లని.

సునందక్క వనపర్తిలో గవర్నమెంట్ టీచర్. హక్కుల సంఘంలో పనిచేసేది. సెలవు దొరికితే చాలు, మాలాంటి ఇళ్లు వెతుక్కుంటూ కొల్లాపూర్ అని, కల్వకుర్తి అని తిరిగేది.

మా ఇంటికి ఆమె మొదటిసారి వచ్చేనాటికి నేను బడికి పోతున్నాను. అప్పుడు అమ్మ విత్తనానికి పల్లికాయలు ఒలుస్తోంది. ఆమె ఏమీ అడగలేదు. చాప మీద కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టింది. చాలాసేపటికి అమ్మే నోరు విప్పబోయింది. విప్పే ముందు నా వైపు చూసి, "నువ్ జర బయటికి పోయి ఆడుకోపో" అంది.

నాయన గురించి నేనెప్పుడు అడిగినా ఒకటే జవాబు. "నాకేం తెల్వదు, నువ్ తిను." ముక్కూ మొహం తెలియని మనిషికి మాత్రం మొత్తం చెప్పేసింది! తలుపు వెనక నిలబడి చెవులు రిక్కించినా, కాయ చిట్లే చప్పుడు తప్ప ఒక్క ముక్క వినబడలేదు. ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏం జరిగినా "సునందను అడుగుదాం" అనేది అమ్మ. ఇంటర్‌లో నేను ఏ గ్రూప్ తీసుకోవాలి? సునంద చెప్పాలి. మేక మేత ముట్టట్లేదా? అదీ సునందే చెప్పాలి! ఆమె సోషల్ టీచరే తల్లీ, పశువుల డాక్టర్ కాదు.

నాగర్‌కర్నూల్‌లో సంఘం వాళ్లు పబ్లిక్ హియరింగ్ పెట్టారు. మనిషి మాయమైన ఇళ్లవాళ్లంతా వచ్చి మైకులో చెప్పుకోవాలి. ముందు వరసలో రిటైర్డ్ జడ్జి, లాయర్లు, పేపర్ వాళ్లు.

"మీ భర్త పేరేంటమ్మా?" అని జడ్జి అడిగాడు.

మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక మొగుడి పేరు నోటితో పలకలేదు. బిత్తరపోయి చుట్టూ చూసింది. నేను చెప్దామని లేచాను. అక్క నన్ను ఆపి, అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నువ్వే చెప్పాలె ఈదమ్మా. గసోంటి మనిషే లేడని వాళ్లంటుండ్రు. నువ్ గూడ పేరు చెప్పకపోతే ఎట్ల?"

"కుర్మయ్య" అంది అమ్మ. హాలంతా వినబడింది.

 నాకు కడుపు మండింది. వాటర్ బాటిల్ పట్టుకుని పక్కనే చచ్చాను కదా, నా చెయ్యి పట్టుకుని చెప్పొచ్చు కదా!

తర్వాత ఒక ఆఫీసర్, "డెత్ సర్టిఫికెట్ ఇప్పిస్తం, తీసుకోండ్రి. ఫైల్ క్లోజ్ అయితది" అన్నాడు. కర్మ చేసెయ్యమని బంధువులూ అదే పాట.

అమ్మ ససేమిరా అంది. "సచ్చిండని నేన్ జూసిన్నా?"

అక్క కూడా అమ్మ వైపే. "శవం చూపియ్యకుండ సర్టిఫికెట్ ఎట్లిస్తరు సార్? ఏం చేసిండ్రో చెప్పుండ్రి, అప్పుడు తీసుకుంటం" అని మొహం మీదే అడిగేసింది.

కోర్టులో నాయన కేసు ఇంకా నడుస్తోంది. తనకు బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు ఉన్నా ప్రతి వాయిదాకూ అమ్మను హైదరాబాద్ తీసుకెళ్లింది ఆమే. నేనొస్తానంటే, "నువ్వెందుకే, సునంద ఉంది కద" అనేది అమ్మ.

నిన్న మధ్యాహ్నం అమ్మను వనపర్తి తీసుకెళ్లాను.  అక్కడ ఎవరెవరో మాట్లాడుతున్నారు. అమ్మ అందర్నీ తోసుకుంటూ పోయి అక్క పక్కన కూలబడి శోకం ఎత్తుకుంది.

మా దగ్గర అలా ఏడుస్తూ, అంతకుముందు పోయిన మనవాళ్లకు కబురు చెప్పి పంపుతారు. ఎన్ని చావులకు వెళ్లినా అమ్మ ఏనాడూ నాయనకు కబురు పంపలేదు. పంపితే చనిపోయాడని ఒప్పుకున్నట్టే కదా.

నిన్న పంపింది.

"మా జ్యోతి నాయన ఆడ కనవడితే జెప్పవే సునందా... నీ బిడ్డ పెద్దగైందని జెప్పవే... గద్వాలల సొంత దుకాణం వెట్టిందని జెప్పవే... నన్ను మంచిగ అర్సుకుంటుందని జెప్పవే నా తల్లీ..."

నేను గోడకు ఆనుకుని విన్నాను. ఇన్నేళ్లలో మా అమ్మ నన్ను ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ ముక్క కూడా నీకే చెప్పింది కదా అక్కా!

వచ్చేటప్పుడు బస్సులో, ఇక కేసు ఏం చేద్దామని అడిగాను.

"ఏం జేసుడేంది? సచ్చిండని నేనన్న. ఎవరు సంపిండ్రో వాళ్లనాలె. వాయిదాకు నువ్ రా."

వెళ్తాను.

మా ఇంట్లో నాయన ఫోటో ఒక్కటీ లేదు. ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇప్పుడు నాకన్నా ముందు నువ్వే చూస్తావు. దానికీ నాకు కుళ్లే.

పోయిరా సునందక్కా. అమ్మ చెప్పిన కబురు ఒక్కటీ మర్చిపోకుండా నాయనకు చెప్పు. చెప్పాక, ఏ చింతా లేకుండా హాయిగా నిద్రపో.